బీరువా వెనక గ్రైండర్లు

విజయవాడ ఆటోనగర్‌లో బీరువా ఎక్కించేటప్పుడే మావయ్య అడిగాడు. “అల్లుడూ, దీన్ని ఇక్కడ నిలబెడితే ఆ గ్రైండర్లు ఎట్టా దిగుతయ్యి?”

నేను ఫోన్‌లో చూసి చెప్పాను. “ముందు గవర్నర్‌పేట, తర్వాత భవానీపురం, ఆఖర్న గొల్లపూడి. ఫోన్ చెప్పినట్టే పోదాం మావయ్యా.” ఆ ఫోన్ చెప్పేది నేను రాసిందే. రెండు వారాలు రాత్రిళ్లు కూర్చుని రాసిన ప్రోగ్రాము. దాన్ని బండి మీద పరీక్షించడానికే ఆ రోజు సెలవు పెట్టి పక్క సీట్లో కూర్చున్నాను.

మావయ్యది ట్రాలీ ఆటో. బెంజి సర్కిల్ దగ్గర స్టాండు. రెండు పక్కలా ఇనుప జాలీ వెల్డింగు చేయించాడు కాబట్టి సరుకు ఎక్కినా దిగినా వెనక తలుపులోంచే. ఆ పొద్దున వెళ్లిన వరస ఇది: పటమటలో నాలుగు గ్రైండర్లు, అట్టపెట్టెల్లో, గవర్నర్‌పేట కొట్టుకి. ఆటోనగర్‌లో సైలెన్సర్ పైపుల కట్ట, భవానీపురానికి. ఆటోనగర్‌లోనే ఇంకో సందులో బీరువా, గొల్లపూడికి. గ్రైండర్లు ముందెక్కాయి గనక క్యాబిన్‌ని ఆనుకుని లోపల. బీరువా ఆఖర్న ఎక్కింది గనక తలుపు దగ్గర, నిలువుగా, తాడు నాలుగు చుట్లు.

గవర్నర్‌పేట సందులో తాడు విప్పాం. బీరువాని రోడ్డు మీదికి దించాం. దించడానికి మేమిద్దరం చాలలేదు, పక్క కొట్టు కుర్రాణ్ణి పిలిచాం. పైపుల కట్టని పక్కకి లాగితే అది జారి బీరువా తలుపు మీద గీత పెట్టింది. వెనక నుంచి స్కూటర్లు హారన్లు. గ్రైండర్లు దిగాక బీరువాని మళ్లీ ఎక్కించడానికి ఒక ముఠా కూలీకి వంద రూపాయలు. మొత్తం అరగంట దాటింది. మావయ్య మామూలుగా వెళ్లే దారితో పోలిస్తే నా రూటు ఆ రోజు మిగిల్చింది నాలుగు కిలోమీటర్లు. డీజిల్ లెక్కన పదిహేను రూపాయలు. గీతకి గొల్లపూడిలో తిన్న చీవాట్లకి ఖరీదు కట్టలేదు.

ఒకే బండి, కొన్ని చోట్ల ఎక్కించాలి, కొన్ని చోట్ల దించాలి, ఏ వరసలో తిరగాలి? ఈ లెక్క మీద ఆ రోజు నుంచీ నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఎక్కువమంది దీన్ని “తక్కువ కిలోమీటర్లు ఎలా?” అని అడుగుతారు. ఆ ప్రశ్నే తప్పు. తప్పు ప్రశ్నకి ఆప్టిమల్ జవాబు, అంటే అంతకంటే మెరుగైనది లేని జవాబు, తెచ్చినా చివరికి బీరువా రోడ్డు మీదే ఉంటుంది.

ముందు లెక్క ఎంత మొండిదో చూద్దాం. ఊళ్లన్నీ ఒక్కోసారి తిరిగి వచ్చే సేల్స్‌మన్ లెక్క అందరూ వినే ఉంటారు. ఇక్కడ దానికి ఇంకో మెలిక ఉంది: ఎక్కించకుండా దించలేవు. ప్రతి ఆర్డరూ ఒక జంట. ఆర్డర్లు n అయితే చెల్లే వరసలు (2n)! ని, అంటే 1 నుంచి 2n దాకా అంకెలన్నీ గుణిస్తే వచ్చేదాన్ని, 2కి n ఘాతంతో భాగిస్తే వస్తాయి. రెండు ఆర్డర్లకి 6 వరసలు, మూడింటికి 90, అయిదింటికి 1,13,400. పదింటికి సుమారు 2,376 లక్షల కోట్లు. బడ్జెట్ ప్రసంగంలో తప్ప ఇలాంటి అంకె మనకి ఎదురుపడదు. మావయ్యకి దసరా ముందు రోజుల్లో పది ఆర్డర్లంటే మామూలే.

అన్నీ వేసి చూడక్కర్లేదని 1980లో హరిలావోస్ ప్సరాఫ్టిస్ అనే పరిశోధకుడు ఒక వ్యాసంలో చూపించాడు. అప్పటికి అమెరికాలో ఫోన్ చేస్తే ఇంటి ముందుకొచ్చే చిన్న బస్సుల ప్రయోగాలు జరుగుతున్నాయి. న్యూజెర్సీలోని హాడన్‌ఫీల్డ్‌లో 1972లో మొదలైనది వాటిలో పేరున్నది. మన షేర్ ఆటోకి ఫోన్ తగిలించినట్టు అనుకోండి. ఆ బస్సు దారిలో ఉన్న ఏ క్షణంలోనైనా ఒక్కో ప్రయాణికుడిది మూడు స్థితుల్లో ఒకటే: ఇంకా ఎక్కలేదు, బండిలో ఉన్నాడు, దిగిపోయాడు. కాబట్టి n మందికి 3కి n ఘాతం స్థితులు. ఎవరెవరు ఏ స్థితిలో ఉన్నారు, బండి ఎక్కడుంది, ఈ రెండూ తెలిస్తే చాలు, ఇంతకుముందు ఏ దారిన వచ్చిందో మర్చిపోవచ్చు. పదిమందికి 3 పదో ఘాతం 59,049. దానికి ఓ వంద రెట్లు పని. ఈ రోజు చేతిలో ఉన్న ఫోనుకి అదేమంత పని కాదు. ఇరవైమంది అయితే మాత్రం 348 కోట్ల స్థితులు దాటతాయి, ఫోను చేతులెత్తేస్తుంది.

ఆ వ్యాసంలో నన్ను ఆపేసింది మాత్రం ఈ లెక్క కాదు. అందులో తగ్గించాల్సినది కిలోమీటర్లు కాదు. మొత్తం పని పూర్తవడానికి పట్టే సమయం ఒక భాగం, ప్రయాణికుడు ఎదురుచూసిన సమయం, బండిలో కూర్చున్న సమయం ఇంకో భాగం. దేనికి ఎంత బరువివ్వాలో నడిపేవాడి ఇష్టం. ఇంకో షరతు కూడా ఉంది. ముందు ఫోన్ చేసినవాణ్ణి వరసలో ఇన్ని స్థానాల కంటే వెనక్కి నెట్టడానికి వీల్లేదు. అంటే ఈ లెక్కకి మొదట్లో గట్టి జవాబు రాసినవాళ్లలో ఒకడు “దూరం ఒక్కటే చాలదు” అనుకుని మొదలుపెట్టాడు. నలభై ఏళ్ల తర్వాత నేను కూర్చుని దూరం ఒక్కటే పెట్టుకుని రాశాను.

ఇక ఉపాయాల సంగతి. హ్యూరిస్టిక్ అంటే హామీ లేని ఉపాయం, ఉజ్జాయింపు. ఎవరికైనా ముందు తట్టేది “దగ్గరిది ముందు”. ఇప్పుడున్న చోటుకి ఏది దగ్గరైతే అక్కడికి పో. సేల్స్‌మన్ లెక్కలోనే ఇది అంత గొప్పది కాదు, జంటల లెక్కలో నిలువునా ముంచుతుంది. కాగితం మీద ఒక గీత గీయండి, మధ్యలో బండి. ఎక్కించాల్సినవి తూర్పున 1, 5, 17 కిలోమీటర్ల దగ్గర. వాటినే వరసగా పడమట 2, 6, 10 దగ్గర దించాలి. దగ్గరిది ముందు అన్న పద్ధతిలో బండి 1 దగ్గర మొదటి సరుకు ఎక్కిస్తుంది. అక్కణ్ణుంచి దించే చోటు 3 కిలోమీటర్లు, రెండో సరుకు 4. దించే చోటే దగ్గర, వెనక్కి పోతుంది. మళ్లీ తూర్పుకి 7. అక్కడ దించే చోటు 11, మూడో సరుకు 12, మళ్లీ పడమటకే. తర్వాత 23, ఆపైన 27. అంతా కలిపితే 72 కిలోమీటర్లు. నేరుగా తూర్పు చివరిదాకా పోయి, మూడూ ఎక్కించుకుని, పడమటకి తిరిగితే 17, 27, మొత్తం 44.

మూడో వంతుకి పైగా మిగిలింది కదా అని ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. నేనూ ఆపేశాను. అసలు కథ ఈ 44 లోపల ఉంది.

ఆ 44 కిలోమీటర్లని రెండు రకాలుగా తిరగొచ్చు. ఒకటి, పోతూపోతూ 1, 5, 17 దగ్గర ఎక్కించుకుంటూ పోవడం. రెండు, ఖాళీ బండితో ముందు 17కి పోయి, వెనక్కి వస్తూ 17, 5, 1 దగ్గర ఎక్కించుకోవడం. దూరం మీటరు కూడా తేడా లేదు. కిలోమీటర్లు మాత్రమే చూసే ప్రోగ్రాముకి రెండూ ఒకటే, ఏది ముందు తగిలితే అదిస్తుంది. బండి వెనక నిలబడి చూడండి. మొదటి పద్ధతిలో ముందెక్కింది ముందు దిగాలి, అది లోపల ఇరుక్కుని ఉంది. మొదటి దించుడికే బండంతా ఖాళీ చేయాలి. రెండో పద్ధతిలో ఆఖర్న ఎక్కిందే ముందు దిగుతుంది. తలుపు తియ్యి, దించు, పో. ఇంకో లెక్క వేస్తాను. ఒక్కో సరుకు బండిలో ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడితే మొదటిదాంట్లో 35, 35, 27, మొత్తం 97. రెండోదాంట్లో 3, 11, 27, మొత్తం 41. సరుకు బదులు మనుషులైతే వాళ్ల చిరాకు లెక్క అది.

ఆ రోజు మాకు జరిగింది అచ్చం ఇదే. బెంజి సర్కిల్ నుంచి పటమట తూర్పునే, ఆటోనగర్ ఇంకా తూర్పున. ముందు ఆటోనగర్ పోయి బీరువా, ఆ తర్వాత పైపులు ఎక్కించి, వస్తూ పటమటలో గ్రైండర్లు ఎత్తుకుంటే సరిపోయేది. దూరం అంతే. ప్రోగ్రాము దృష్టిలో రెండు రూట్లూ సమానం కాబట్టి మొదట దొరికినది ఇచ్చింది. తప్పు దానిది కాదు. దాన్ని నేను అడిగిన ప్రశ్నలో తలుపు లేదు.

ఆఖర్న ఎక్కింది ముందు దిగాలన్న షరతు పెట్టి ఈ లెక్క చేసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ షరతుతో వరసలు బాగా తగ్గుతాయి. అయిదు ఆర్డర్లకి 1,13,400 కాదు, 5,040 మాత్రమే. తెరిచిన బ్రాకెట్లని మూసినట్టు. తగ్గింది కదా తేలికైపోతుందనుకుంటే పొరపాటు. 2010లో కోర్డో, ఇయోరీ, లాపోర్ట్, సలజార్-గొంజాలెజ్ అనే నలుగురు పరిశోధకులు కలిసి దీన్ని కచ్చితంగా సాధించడానికి కూర్చుంటే వాళ్లు తేల్చగలిగిన అతి పెద్ద ఉదాహరణలో 25 ఆర్డర్లు ఉన్నాయి.

పోనీ ఆ షరతునే పెట్టేసుకుందామంటే అదీ కుదరదు. మరీ మడికట్టుకున్నట్టు ఉంటుంది. మందుల పార్శిల్ క్యాబిన్‌లో సీటు కింద పెట్టుకోవచ్చు, దానికి వరసతో పనేంటి? అట్టపెట్టె మీద అట్టపెట్టె ఉంటే పైదాన్ని పక్కకి జరపడానికి రెండు నిమిషాలు. బీరువా జరపడానికి ఇరవై. చీపురుకట్టల మూటకీ బీరువాకీ ఒకే రూలు పెడితే బండి ఊరంతా అనవసరంగా చుడుతుంది. అందుకని నేను నిషేధం తీసేసి జరిమానా పెట్టాను. ఒక సరుకు దించేటప్పుడు దాని ముందు ఏమేం అడ్డున్నాయో చూసి, ఒక్కోదానికి ఇన్ని నిమిషాలని కూడతాను. రూటు ఖరీదు అంటే ఇప్పుడు నా ప్రోగ్రాములో నిమిషాలే: నడిచే నిమిషాలు, ఎత్తి దించే నిమిషాలు, అడ్డం తీసే నిమిషాలు. ఈ ఒక్క మార్పు తర్వాత ఉపాయం ఏదైనా పెద్ద తేడా రాదని కూడా అనుకుంటున్నాను. కొంచెం ఎక్కువ చేసి చెబుతున్నానేమో, కాబట్టి ఉపాయాల మాటా చెప్పాలి.

నేను వాడేది చొప్పించడం. ఉన్న రూటులో కొత్త ఆర్డరుని జంటగా తీసుకుని, ఎక్కించే చోటుని ఇక్కడ, దించే చోటుని దాని తర్వాత ఎక్కడో, అన్ని రకాలుగా పెట్టి చూసి, ఖరీదు తక్కువ పెరిగే చోట ఖాయం చేయడం. ఆరు ఆర్డర్లున్న రూటులో ఏడోదాన్ని పెట్టడానికి 91 రకాలు. ఫోనుకి అవి రెప్పపాటు. జంటని విడదీయకుండా ఒకేసారి పెట్టడంలోనే దీని బలం ఉంది. దగ్గరిది ముందు అన్న పద్ధతి ఎక్కించడాన్ని చూస్తూ దించడం సంగతి మర్చిపోతుంది. పప్పులో ఉప్పు ఇప్పుడేసి నీళ్ల సంగతి తర్వాత చూద్దాం అనుకున్నట్టు.

ఏ ఆర్డరు ముందు చొప్పించాలన్నది ఇంకో తగువు. చవగ్గా ఇమిడేది ముందు పెట్టేస్తే, ఇమడని మొండిఘటాలన్నీ ఆఖరికి మిగిలి రూటుని చింపేస్తాయి. దీనికి మందుగా, ఒక్కో ఆర్డరుకి అన్నిటికంటే మంచి చోటెంత, రెండో మంచి చోటెంత అని చూసి, ఆ తేడా ఎక్కువున్న ఆర్డరుని ముందు కూర్చోబెడతారు. ఇప్పుడు చోటివ్వకపోతే తర్వాత ఎక్కువ ఏడిపించేది ముందన్నమాట. పెళ్లి భోజనాల్లో బావగార్ని ఎక్కడ కూర్చోబెట్టాలో ముందు తేల్చుకుని మిగతా బంతి తర్వాత సర్దుకున్నట్టే. బీరువా ఎప్పుడూ బావగారే.

రూటు తయారయ్యాక దిద్దుబాట్లు. సేల్స్‌మన్ లెక్కలో దారులు ఒకదాన్నొకటి దాటుకుంటే మధ్య ముక్కని తిరగేసి అతికించే పద్ధతి 1958లో క్రోస్ రాసినప్పటి నుంచీ ఉంది. ట్యుటోరియల్స్ అన్నిటిలోనూ అదే. ఇక్కడ దాన్ని కళ్లు మూసుకుని వాడితే, తిప్పిన ముక్కలో ఒకే ఆర్డరు ఎక్కించడం, దించడం రెండూ ఉంటే, సరుకు ఎక్కకముందే దిగిపోతుంది. నా మొదటి వెర్షన్ ఒకసారి పటమటలో ఎక్కాల్సిన గ్రైండర్‌ని ముందే గవర్నర్‌పేటలో దించమంది. దానికి తోడు వన్‌వేలు. తిరగేసిన ముక్కలో ప్రతి దూరం మారిపోతుంది. ముక్కని తిప్పకుండా ఒకటో రెండో మూడో స్టాపుల్ని లేపి ఇంకో చోట పెట్టే పద్ధతి, 1976లో ఇల్హాన్ ఓర్ చెప్పింది, ఇక్కడ బాగా నప్పుతుంది.

వీటన్నిటికంటే నాకు నచ్చింది పడగొట్టి కట్టడం. రెండు మూడు ఆర్డర్లని రూటులోంచి మొత్తంగా పీకేయడం, మళ్లీ చొప్పించడం, బాగుంటే ఉంచుకోవడం, లేకపోతే పాతదే. పాల్ షా 1998లో ఇలాంటిది రాశాడు. 2006లో స్టెఫాన్ రోప్కె, డేవిడ్ పిసింగర్ దీన్ని పికప్, డెలివరీల లెక్కకి పట్టించి, ఏ రకంగా పడగొడితే లాభం వస్తోందో పనిలో పనిగా నేర్చుకునేలా చేశారు. నాకు అంత హంగు అక్కర్లేదు. చొప్పించే ఫంక్షన్ ఎలాగూ ఉంది, పీకేది ఇంకో పదిహేను లైన్లు. ఫోన్‌లో మూడు సెకన్లు నడిపిస్తే వచ్చేది చాలు.

“ఆప్టిమల్‌కి ఎంత దూరంలో ఉంటుందో హామీ ఉందా?” అని ఆఫీసులో ఒక స్నేహితుడు అడిగాడు. హామీలున్న ఉపాయాలూ ఉన్నాయి. అన్ని చోట్లనీ కలిపే అతి చిన్న చెట్టు, అంటే కొమ్మల్లా చీలే గీతల్లో అతి పొట్టిది, గీసి, దాని చుట్టూ తిరిగితే ఆ చుట్టు ఆప్టిమల్‌కి రెండింతలు మించదు. అలా ఒక చుట్టులో అన్నీ ఎక్కించి, రెండో చుట్టులో అన్నీ దించితే నాలుగింతలు మించదు. 1976 నాటి క్రిస్టోఫిడెస్ పద్ధతిలో ఒక్కో చుట్టు ఒకటిన్నర రెట్లే దాటదు, అది వాడితే మూడింతలు. బండి సామర్థ్యం అడగకూడదు సుమా. ఈ హామీ పట్టుకెళ్లి మావయ్యకి చూపిస్తే “నాలుగింతలు తిరిగితే బండి అమ్ముకోవాలి అల్లుడూ” అంటాడు. హామీ గణితానికి గౌరవం, నాకు పనిలేదు. నా దగ్గరున్న ప్రయాణ సమయాలే పావు వంతు అటూ ఇటూగా ఉంటాయి. మ్యాపులో కృష్ణలంక, గవర్నర్‌పేట పక్కపక్కనే. మధ్యలో బందరు కాలువ ఉంది, వంతెన ఎక్కడుంటే అక్కడికి పోయి దాటాలి. ఏలూరు కాలువ, రైవస్ కాలువ కూడా ఊరి మధ్య నుంచే. మొదట్లో అక్షాంశ రేఖాంశాల మధ్య సరళరేఖ దూరం వాడిన రోజుల్లో నా బండి కాలువల మీద నడిచింది. అలాంటి అంకెల మీద ఆఖరి రెండు శాతం కోసం గంట వెతకడం ఇసకలో మిల్లీమీటర్లు కొలవడమే.

ఇంతా చెప్పాక “చూశారా, చదువుకున్నవాడి కంప్యూటర్ కంటే డ్రైవరు అనుభవమే గొప్ప” అని ఎవరైనా తీర్మానిస్తే ఒప్పుకోను. వాట్సాప్‌లో తిరిగే ఆ రకం నీతికథల మీద నాకు విరక్తి. మావయ్య సర్దుడులో నేర్పరి, నిజమే. రూటులో కాదు. ఎవరు గట్టిగా ఫోన్‌లో అరిస్తే వాళ్ల సరుకు ముందు. ఒకరోజు ఆయన దారి నేను రాసుకున్నాను: ఏలూరు కాలువని అయిదుసార్లు దాటాడు. అవే ఆర్డర్లని ప్రోగ్రాముకిస్తే రెండుసార్లు. అడ్డం తీసే నిమిషాలు కలిపినా గంటకి పైగా తేడా. బండి మీద వస్తువులు ఎలా కూర్చుంటాయో ఆయనకి చేతుల్లో తెలుసు, తొమ్మిది ఆర్డర్ల వరసలు మాత్రం ఏ మనిషి బుర్రలోనూ పట్టవు. ఆ చేతుల్లో ఉన్నదాన్ని అంకెగా మార్చి ప్రోగ్రాముకి ఇవ్వకపోవడం నా తప్పు. అడగకపోవడం ఇంకా పెద్ద తప్పు, ఆటోనగర్‌లో ఆయన అడిగితే కూడా వినలేదు కదా.

ఇంతకుముందు ఒక డెలివరీ కంపెనీలో పనిచేశాను, పేరెందుకు. అక్కడ గోడ మీద పెద్ద తెర, దాని మీద “ఆర్డరుకి కిలోమీటర్లు” అని ఒకే ఒక్క అంకె. అది తగ్గితే మాకు చప్పట్లు. డ్రైవర్లకి డబ్బులు కూడా కిలోమీటరు లెక్కనే. మేము రూటు చిన్నది చేస్తే వాళ్ల రాబడి తగ్గేది, సందులో సరుకు దించి ఎక్కించిన అరగంట ఎవరి ఖాతాలోనూ పడేది కాదు. ఒక డ్రైవరు మీటింగులో లేచి ఇదే అడిగితే “నోట్ చేసుకున్నాం” అన్నారు. ఆ నోటు రాసుకున్నది నేనే. అప్పుడు నాకు దాని అర్థం తెలియలేదు.

చొప్పించే పద్ధతికి ఇంకో సుగుణం ఉంది, కాగితం మీద కనపడదు. ఆర్డర్లు పొద్దున్నే అన్నీ రావు. పదకొండింటికి ఒక ఫోను: “సరుకు ఇంకా రాలేదు, సాయంత్రం రండి.” పన్నెండింటికి ఇంకోటి: “దారిలోనే కదా, ఇది కూడా ఎత్తుకెళ్లండి.” ప్రతిసారీ మొదటి నుంచీ ఆప్టిమల్ వేస్తే రూటంతా తలకిందులవుతుంది. అప్పటికి సర్దిన సరుకు ఆ కొత్త వరసకి సర్దింది కాదు. మావయ్య మనసులో అనుకున్నదీ పాడవుతుంది. చొప్పిస్తే మిగతాది ఎక్కడిదక్కడే, కొత్తది మాత్రమే వచ్చి కూర్చుంటుంది. ఓ రెండు కిలోమీటర్లు పెరిగితే పెరిగాయి.

ఇప్పుడు ఫోన్‌లో వస్తువు పేరు పక్కన ఒక చిన్న గడి ఉంటుంది, జరపడానికి ఎన్ని నిమిషాలని. అది మావయ్యే నింపుతాడు. బస్తాకి 3, గ్రైండర్‌కి 4, ఫ్రిజ్‌కి 12, బీరువాకి 20. జులైలో ఒకరోజు ఫోన్ చేసి, బీరువా అంకె 40 చేయమన్నాడు. ఎందుకని అడిగాను.

“వానల్లో పట్టా కప్పుతాం గదరా. అది కూడా విప్పి మళ్లా కట్టద్దూ?”